మోరీ నివాస ధ్రువపత్రం

మా రాష్ట్ర దోమతెరల సంస్థ పేరు మీరు విని ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. దోమలు మాత్రం విన్నాయి, విని నిశ్చింతగా ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా మేము కుట్టే తెరలు ప్రభుత్వ హాస్టళ్లకీ ఆసుపత్రులకీ వెళ్లి, అక్కడి స్టోరు గదుల్లో భద్రంగా మడతల మీద ఉంటాయి. సొంత డబ్బు పెట్టి మా తెర కొన్న మనిషిని నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కణ్ణే చూశాను. ఆయన కూడా మర్నాడు వాపసు ఇవ్వడానికి వచ్చాడు.

అక్కడ నేను ప్రచార అధికారిణిని. ఏటా ఒక క్యాలెండరు అచ్చు వేయించడం, ఎండీ గారి ఫోటో ఏ నెల మీద రావాలో తేల్చడం నా పని. జనవరి మీద అందరూ వేస్తారు, అందుకని మేము మార్చి మీద వేస్తాం. హాయిగా సాగిపోతున్న ఆ ఉద్యోగానికి ఎవరి దిష్టి తగిలిందో గానీ, మా ఎండీ పరాంకుశం గారు సముద్రం ఒడ్డున ఒక హోటల్లో యువ వినియోగదారుల మీద రెండు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు.

సోమవారం పొద్దున్నే సమావేశం పెట్టారు. ఈ కాలం పిల్లలు కూల్‌డ్రింకు తాగినా, బూట్లు కొన్నా, ఫోను మార్చినా దాని వెనక ఒక ర్యాప్ గాయకుడు ఉంటున్నాడని, పెద్ద పెద్ద కంపెనీలన్నీ వాళ్ల వెంట పడుతున్నాయని సెలవిచ్చారు. "సినిమా తారల కాలం చెల్లింది. హిప్ హాప్ కళాకారుడు వస్తువును అమ్మడు. తన బతుకును అమ్ముతాడు. వస్తువు దానివెంట పోతుంది," అన్నారు. ఈ మాట శిక్షణలో పంచిన పుస్తకం తొమ్మిదో పేజీలో ఉందని తర్వాత చూసుకున్నాను.

పరిపాలనాధికారి నరహరిరావు గారికి వెంటనే ఒక సందేహం వచ్చింది. ఆయనకి సందేహం రాకుండా ఆయన బల్ల దాటిన కాగితం ఇంతవరకూ లేదు. హిప్ హాప్ సంగీతం అవుతుందా, కాదా? అయితే సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. నేను ఫోనులో ఒక పాట పెట్టి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. రాగం లేదు కాబట్టి సంగీతం కాదు, వేగంగా చేసిన ప్రసంగం మాత్రమేనని తేల్చి, "ఉపన్యాసకుల నియామకం" అన్న పేరుతో ఫైలు తెరిచారు.

ఎండీ గారి పుస్తకం ప్రకారం ర్యాపర్‌కి ఉండాల్సిన మొదటి అర్హత అసలుతనం. పాడే కష్టం తను పడినవాడై ఉండాలి. వీధిలో పుట్టి వీధిలో పెరిగినవాడై ఉండాలి. నకిలీ అయితే యువత ఇట్టే పసిగడుతుందట. యువతకి అంత శ్రమ ఎందుకని నరహరిరావు గారు అనుకున్నారు. "కులానికి పత్రం ఉంది, ఆదాయానికి పత్రం ఉంది. బతికి ఉన్నందుకే పెన్షనర్ల దగ్గర ఏటా నవంబరులో పత్రం తీసుకుంటున్నాం. అసలుతనానికి మాత్రం ఎందుకు ఉండకూడదు?" అన్నారు. ఆ మధ్యాహ్నమే నమూనా తయారైంది. దరఖాస్తుదారుడు పుట్టినప్పటి నుంచి ఇరుకు వీధిలోనే ఉంటున్నాడా, ఆ వీధిలో మూత లేని మురుగు కాలువ ఉందా, గడప నుంచి దానికి ఎన్ని అడుగులు, చిన్నతనంలో పడిన కష్టాలు (మూడుకి తగ్గకుండా). కింద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర. ఏటా నవంబరులో పునరుద్ధరణ తప్పనిసరి.

ప్రకటన వేస్తే ముగ్గురు వచ్చారు. మొదటివాడి మెడలో మూడు గొలుసులు, కళ్లకి నల్లద్దాలు. వాడు ఉండే చోట వీధికి బదులు ఫౌంటెన్ ఉంది. కష్టాల గడిలో "ఇంజనీరింగు రెండో ఏడు" అని ఒక్కటే రాశాడు. రెండోవాడికి కష్టాలు ఆరు దాకా ఉన్నాయి గానీ, వాళ్ల వీధి కాలువకి రెండేళ్ల కిందటే మూత వేసేశారు. అతని అసలుతనానికి కాలం చెల్లిందని నరహరిరావు గారు ఎర్ర సిరాతో రాశారు. మిగిలినవాడు కొంపెల్లి యాదీశ్.

యాదీశ్‌కి ఇరవై నాలుగేళ్లు. పగలు ఫ్రిజ్జులు రిపేరు చేస్తాడు, ఆదివారాలు ర్యాప్ పాడతాడు. చిలకబావి బస్తీలో అక్క బాలమణితో ఉంటాడు. ఆమె ఇంటి ముందు కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. మురుగు కాలువని వాళ్లు మోరీ అంటారు, అందుకే అతని స్టేజి పేరు మోరీ యాదీశ్. గడప నుంచి మోరీ దాకా మావాళ్లు టేపు పెట్టి కొలిచారు. రెండున్నర అడుగులు వచ్చింది. నరహరిరావు గారు నిబంధనల జోలికి పోకుండానే సంతకం పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పటికే యాదీశ్ పాట ఒకటి ఫోన్లలో తిరుగుతోంది.

మా గల్లీ మోరీకి మూత లేదు
మూత కోసం తిరగని ఆఫీసు లేదు
సారొచ్చి చూసిండు, లీడరొచ్చి చూసిండు
దోమ ఒక్కటే దగ్గరికొచ్చి ముద్దువెట్టింది

ఒప్పందం మీద సంతకం చేసే ముందు అతను నన్నొక మాట అడిగాడు. పాటలోంచి మోరీని తీసెయ్యరు కదా అని. ఎందుకంత పట్టుదల అన్నాను. పోయిన వానాకాలం బాలమణి కూతురికి డెంగీ వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉందని, పిల్ల దక్కుతుందని ఎవరూ అనుకోలేదని చెప్పాడు. "నా పాట నలభై వేల మంది ఇన్నరు మేడం. ఇన్నోళ్లంత మా అసొంటోళ్లే. మీది టీవీల వస్తది, పెద్దోళ్లు గూడ ఇంటరు. మోరీకి మూత పడ్తది. నాకు గంతే కావాలె," అన్నాడు. అంత చిన్న కోరికతో మా ఆఫీసు మెట్లెక్కినవాళ్లు అరుదు, ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

పాటని పరిశీలించడానికి ఐదుగురు సభ్యుల కమిటీ కూర్చుంది. "సారు", "లీడరు" అన్న మాటలు ఎవరికైనా తగలవచ్చు కాబట్టి "సంబంధితులు" అని మార్చారు. "తిరగని ఆఫీసు లేదు" అంటే ఆఫీసులు జనాన్ని తిప్పుతాయన్న అపోహ కలుగుతుంది, అందుకని "దరఖాస్తు పరిశీలనలో లేని ఆఫీసు లేదు" అన్నారు. ముద్దు అసభ్యమని "దోమ ఒక్కటే సమీపించి కాటు వేసెను" అయింది. యాదీశ్ ఆ కాగితం చదువుకుని, పాడటానికి పాడొచ్చు గానీ ఊపిరి ఆడదన్నాడు.

ఆదుకున్నది ఎండీ గారే. పుస్తకం పద్నాలుగో పేజీలో, ర్యాపర్ కోపమే సరుకుని కదిలిస్తుందని ఉందట. దాంతో నరహరిరావు గారు ఒక సవరణ రాశారు. కళాకారుడి ఆగ్రహానికి అనుమతి ఇవ్వవచ్చును, అయితే సదరు ఆగ్రహం దోమల పట్ల మాత్రమే ఉండవలెను. అలా మూతా, మోరీ, ముద్దూ బతికాయి. సారూ లీడరూ పోయి ఆ చోట ఎండా వానా వచ్చాయి.

షూటింగు మోరీ గట్టు మీదే జరిగింది. యాదీశ్ రెండు కాళ్లూ చెరో గట్టు మీద పెట్టి పాడాడు, వెనక బస్తీ పిల్లలు ఎగిరారు, చివర్లో బాలమణి దోమతెర దించింది. సెప్టెంబరులో టీవీలో వచ్చింది. దసరా వచ్చేసరికి మా గోదాములు ఖాళీ. ముప్ఫై ఎనిమిదేళ్లలో మొదటిసారి మా కుట్టు విభాగం ఆదివారం కూడా పనిచేసింది. కాలేజీ పిల్లలు మోరీ బొమ్మ ఉన్న తెర కావాలని అడిగారు, వేయించాం. ఎక్కడెక్కడి నుంచో బైకుల మీద వచ్చి ఆ మోరీ పక్కన సెల్ఫీలు దిగారు. ఎండీ గారికి ఒక అవార్డు వచ్చింది. క్యాలెండరులో ఆయన ఫోటో మార్చి నుంచి జనవరికి మారింది.

టీవీలో వస్తే పెద్దవాళ్లు వింటారన్న యాదీశ్ మాట నిజమే అయింది. రోజుకి ఇరవైసార్లు తమ వార్డులో మోరీకి మూత లేదని వినలేక, వార్డు ఆఫీసువాళ్లు నవంబరు మొదటి వారంలో రెండు లారీల సిమెంటు పలకలు పంపించారు. పలకలు బస్తీ మలుపులో దిగాయి. బస్తీవాళ్లు కొబ్బరికాయ కొట్టారని యాదీశ్ నాకు ఫోను చేసి చెప్పాడు, సంతోషం పట్టలేకపోతున్నాడు. నేనూ సంతోషించాను. సంతోషించి, ఉన్నదాన్ని ఉండక, ఆ మాట సమావేశంలో చెప్పాను.

ఎండీ గారి ముఖం పాలిపోయింది. మూత పడితే మా ప్రకటన అబద్ధం అవుతుంది. అబద్ధపు ప్రకటన నేరం. అంతకన్నా ముందు, అది నవంబరు, యాదీశ్ పత్రం పునరుద్ధరించాల్సిన నెల. మూత ఉన్న మోరీ పక్కన ఉండేవాడికి అసలుతనం ఎలా ఇస్తామని నరహరిరావు గారు అడిగారు. ఒప్పందంలో పదిహేడో షరతు కూడా ఉంది, ప్రకటనలో చూపిన పరిస్థితులు మూడేళ్లపాటు మారరాదని. వెంటనే నగరపాలక కార్యాలయానికి ఉత్తరం వెళ్లాలన్నారు. రాసింది నేనే. సదరు మోరీ ఈ సంస్థ ప్రచారానికి ఆధారభూతమైనందున ప్రజాప్రయోజనం దృష్ట్యా దానిని యథాతథంగా ఉంచవలసిందిగా కోరడమైనది, అని రాశాను. నా జీవితంలో నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కరోజులో పని జరిగింది ఆ ఒక్కదానికే. మర్నాటికి పలకలు లారీ ఎక్కాయి.

యాదీశ్ వచ్చి ఎండీ గారి గది ముందు రెండు గంటలు కూర్చున్నాడు. లోపలికి పిలిచి, నీ బలం నీ మోరీయే, దాన్ని నువ్వే పూడ్చుకుంటావా అని ఎండీ గారు ఆప్యాయంగా మందలించారు. బస్తీలో ఇంటికొక తెర ఉచితంగా ఇవ్వమని ఆదేశించారు.

మోరీకి మళ్లీ ఎవరూ హాని తలపెట్టకుండా నరహరిరావు గారు దాన్ని సంస్థ ఆస్తుల రిజిస్టరులో చేర్చారు. మోరీ, మూత లేనిది, ఒకటి, పొడవు నూట పది అడుగులు. మా కుర్చీల మీద, బీరువాల మీద వేసినట్టే గట్టు మీద తెల్ల రంగుతో నంబరు వేయించారు. కాపలాకి ఒక మనిషిని పెట్టారు. ఎవరైనా గడప ముందు అడ్డంగా చెక్క వేసుకుంటే అతను తీయించి, పుస్తకంలో రాసేవాడు.

ఏప్రిల్‌లో మోరీ ఎండిపోయింది. రెండో ప్రకటన తీయడానికి వచ్చిన కెమెరా మనిషి, పొడి మోరీలో ఏమీ లేదని పెదవి విరిచాడు. ఆస్తిని ఉన్న స్థితిలో కాపాడటం మన విధి అని నరహరిరావు గారు గుర్తు చేశారు. వారానికి రెండు ట్యాంకర్లు మంజూరయ్యాయి. ఆ ఎండల్లో చిలకబావి బస్తీకి నల్లా నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తున్నాయి. ట్యాంకరు హారను వినగానే ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. డ్రైవరు వాళ్లని ఆపి, ఈ నీళ్లు మోరీకి మంజూరైనవని చెప్పి, పైపు మోరీలో పెట్టాడు.

ఆ మర్నాడు బాలమణి మా ఆఫీసుకి వచ్చింది. ఎండీ గారు ఇంకో శిక్షణకి వెళ్లారు, నరహరిరావు గారు ముఖానికి అడ్డంగా ఫైలు ఎత్తి పట్టుకున్నారు, అందుకని నా బల్ల దగ్గరికే వచ్చింది. కోపంగా లేదు. అందుకే నాకు భయమేసింది.

"మా గల్లీ మూలమీదికి రాళ్లొచ్చినయి మేడం. కొబ్బరికాయ గూడ కొట్టినం. ఒక కాయితమొచ్చి అన్నిట్ని ఎల్లగొట్టింది. మళ్ల వానలొస్తున్నయి, నా బిడ్డ ముందటేడే సచ్చి బతికింది. ఆ కాయితం రాసినోళ్లెవరో జర చూపెట్టుండ్రి. ఏమనను. మొఖం చూసి పోత."

నేనేనని చెప్పాను. ఆమె నా ముఖం చూసింది. అన్నమాట ప్రకారం ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో చాలాసార్లు వేయాల్సింది, అంతా కలిసి ఆ పూట వేసింది.

మర్నాడు నేను స్టోర్సు నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి ముందేసుకున్నాను. మా ఆఫీసులో న్యాయం అడిగితే సందేహాలు వస్తాయి, నిబంధన చూపిస్తే సంతకాలు వస్తాయి. నలభై మూడో పేజీలో దొరికింది. ఆరుబయట ఉన్న సంస్థ ఆస్తిని వానకీ, ఎండకీ, దొంగలకీ గురికాకుండా గట్టి మూతతో కప్పి ఉంచవలెను. అట్లు చేయని అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడగును. మా మోరీ ఆరు నెలలుగా ఆరుబయట ఉందని, ఆ నిబంధనతో సహా ఒక నోటు రాసి నరహరిరావు గారి ముందు పెట్టాను. ఆయన మొదటి వాక్యం మామూలుగా చదివారు. రెండోది రెండుసార్లు చదివి, మంచినీళ్లు అడిగారు. ఆయనకి పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలలు ఉంది.

తొమ్మిది రోజుల్లో మోరీకి ఈ చివర నుంచి ఆ చివరకి సిమెంటు పలకలు పడ్డాయి. మృగశిర కార్తెకి ఇంకా వారం ఉండగానే.

తిరిగొచ్చిన ఎండీ గారు మూతలు వెంటనే తీసెయ్యమని గర్జించారు. నరహరిరావు గారు వినయంగా చేతులు కట్టుకుని, ఆ మూతలు కూడా ఇప్పుడు ఆస్తే అన్నారు. వాటికీ నంబరు పడింది. సిమెంటు పలక ఆయుష్షు ఇరవై ఏళ్లు. అంతకన్నా ముందు తొలగించాలంటే అది పనికిరాదని ముగ్గురు ఇంజనీర్లు రాసివ్వాలి. పలకల మీద అప్పటికే బాలమణి కుట్టుమిషను ఎక్కింది, పనికొస్తోందని దూరం నుంచే కనిపిస్తోంది. తను నడుపుతున్న సంస్థ ఎలాంటిదో ఎండీ గారికి ఆ రోజే పూర్తిగా అర్థమైందనుకుంటాను.

కానీ ఆయన ఓడిపోయే మనిషి కాదు. "కళాకారుణ్ణి మార్చలేం. మోరీని మారుద్దాం," అన్నారు. పక్క గల్లీలో యాదీశ్‌కి ఒక గది అద్దెకి తీసుకున్నారు. గడప నుంచి మోరీ మూడు అడుగులు, పత్రం యథావిధిగా వచ్చింది. కొత్త ప్రకటన ఆ మోరీ మీద తీశారు. తీశాం కాబట్టి దాన్ని రిజిస్టరులో చేర్చారు. చేర్చారు కాబట్టి నలభై మూడో పేజీ వర్తించింది. తొమ్మిది రోజుల్లో మూత పడింది. యాదీశ్ అసలుతనం మళ్లీ పోయింది. ఎండీ గారు మూడో గల్లీలో గది చూడమన్నారు.

ఈ వరస మా ఆఫీసులో ఎవరికీ వింతగా అనిపించలేదు. ప్రతి కాగితమూ దానికదే సవ్యంగా ఉంది. బస్తీలు మాత్రం నెలలోనే కనిపెట్టేశాయి. యాదీశ్ ఏ గల్లీలో దిగితే ఆ గల్లీ మోరీకి మూత. జనం మా ఆఫీసుకి గుంపులుగా వచ్చి, అతన్ని తమ దగ్గర ఉంచమని దరఖాస్తులు పెట్టారు. అద్దె అక్కర్లేదన్నారు, కూర కూడా తామే వండి పెడతామన్నారు. ఒక గల్లీ పెద్దలు తమ మోరీ అందరిదానికన్నా వెడల్పని ఫోటోలు తెచ్చారు. ఇంకొకాయన తమ వీధి జ్వరాల జాబితా అర్హత కింద జత చేశాడు. అతను సామాను దింపే రోజు డప్పులు కొట్టి, హారతి ఇచ్చి తీసుకెళ్లేవారు.

మళ్లీ నవంబరు వచ్చేసరికి పదకొండు గల్లీలు అయ్యాయి. మూతలు పడ్డ చోట తెరల అమ్మకం తగ్గింది, దాని మీద ఎండీ గారు ఒక కమిటీ వేశారు. యాదీశ్ తిరిగి తిరిగి కాస్త చిక్కాడు గానీ మనిషి హుషారుగా ఉన్నాడు. ఒకరోజు వచ్చి, ఈ లెక్కన తనకి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో తెలుసుకోవాలని ఉందన్నాడు. నగరంలో మూత లేని మోరీలు ఎన్ని ఉన్నాయో కనుక్కోమన్నాడు. నగరపాలక కార్యాలయానికి ఉత్తరం రాశాను. నెలకి జవాబు వచ్చింది.

దాన్ని పట్టుకుని నేనే వెళ్లాను. అతను పన్నెండో గల్లీలో ట్రాలీ ఆటోలోంచి పరుపు దింపుకుంటున్నాడు. అక్కడే నిలబడి చదివాడు. "పై సూచిక ప్రకారం తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయ రికార్డుల మేరకు నగర పరిధిలో మూత లేని మోరీలు లేవు. గత ఆరు సంవత్సరములుగా లేవు. ఇకముందు కూడా ఉండబోవు."

రెండోసారి కూడా చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "దీనికి పాట కట్టే పనే లేదు మేడం. ఉన్నది ఉన్నట్టు చదువుతే చాలు," అన్నాడు.

ఆ సాయంత్రమే చదివాడు. గల్లీ వాళ్లంతా గడపల మీద, గోడల మీద చేరారు. వెనక డప్పు దరువు వేస్తుంటే, యాదీశ్ మోరీకి రెండు పక్కలా కాళ్లు వేసి, ఉత్తరం నంబరుతో, తేదీతో సహా మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. "ఇకముందు కూడా ఉండబోవు" దగ్గరికి వచ్చేసరికి జనం అందుకున్నారు. పిల్లలూ ముసలివాళ్లూ చప్పట్లు కొడుతూ ఉండబోవు, ఉండబోవు అంటున్నారు. ఇన్నేళ్లుగా నేను రాసిన భాష అంత బాగుంటుందని నాకు తెలియదు. నేను కూడా గొంతు కలుపుదామని ఉత్సాహంగా ఒక అడుగు ముందుకు వేశాను.

వెనకనుంచి ఎవరో ముసలమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"చూసుకో బిడ్డా," అంది. "మోరీ ఉన్నది."